నేల తాకని కుండ

కనుమ దిగితే మైదానం, మైదానం దాటితే ఇరుగట్టు కోట. నోటితో చెప్పడానికి ఎంతసేపు? ఆ కనుమ దిగేసరికే గవరయ్య గుర్రం చచ్చింది, వెంట వచ్చిన ఇద్దరు భటులు లోయ పాలయ్యారు, పొద్దు నడినెత్తికొచ్చింది. తిరిపాలు భుజం మీద కావడి మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

ఆ కావడి సంగతి ముందు చెప్పుకోవాలి. దాని ముందు ఉట్టిలో మైనంతో మూతి బిగించిన నల్లకుండ ఒకటి. గద్దగోడు కనుమ దగ్గర శిబిరంలో ఉన్న సైనికులందరి గింజలూ అందులో ఉన్నాయి. ఇరుగట్టు సీమలో తాతల నాటి పద్ధతి అది. పెద్ద సంగతి ఏది తేల్చాలన్నా ఇంటికొక గింజ వేయాలి. ఔనంటే గురివింద గింజ, కాదంటే చింతగింజ. యుద్ధానికి పోయినవాడి గింజ కూడా చెల్లుతుంది. కాకపోతే ఆ కుండ శిబిరంలో లేచింది మొదలు కోటలోని గింజల అరుగు ఎక్కేదాకా నేల తాకకూడదు. తాకిందా, లోపల ఉన్నదంతా భూదేవి పాలు. మళ్ళీ పన్నెండేళ్ళదాకా ఆ ఊసెత్తే హక్కు ఎవరికీ ఉండదు.

ఈసారి తేల్చవలసిన సంగతి ఒక్కటే. ఇరుగట్టు సీమలో బానిసత్వం ఉండాలా, పోవాలా? పోవాలంటే గురివింద, ఉండాలంటే చింతగింజ.

ఉత్తరాన శ్వేతదుర్గం రాజు తన బానిసలను విడిచిపెట్టాడు. దక్షిణాన ధూమనగరం రాజు చస్తే విడవనన్నాడు. ఆ మాట మీద మొదలైన యుద్ధం మూడేళ్ళయినా ఆగలేదు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారే, నడుమనున్న ఇరుగట్టు సీమ గతి అదే అయింది. సేన చాలక ఇరుగట్టు యువరాజు జయకేతుడు ఒక చాటింపు వేయించాడు. కత్తి పట్టిన బానిస ఆ క్షణం నుంచే స్వతంత్రుడని దాని సారాంశం. అది విని తిరిపాలు కత్తి పట్టాడు, స్వతంత్రుడయ్యాడు. అతని భార్య పోలి కత్తి పట్టలేదు గనుక కరాళభూపతి లోగిట్లో బానిసగానే ఉండిపోయింది. ఔరా, ఏం న్యాయం.

కోటలో జనం వేసిన గింజలను నిన్ననే ఏరారు. చింతగింజలు పదకొండు ఎక్కువ తేలాయి. ఇక మిగిలింది ఈ కుండే. పొద్దు గుంకేలోగా ఇది అరుగు ఎక్కకపోతే కరాళభూపతి తన బానిసలనందరినీ ఒకే తాటికి కట్టి, నీలవాహిని దాటించి, ధూమనగరం సంతకు తోలేస్తాడు. అందుకు తాళ్ళు పేని సిద్ధంగా ఉంచాడని వేగులవాడు చెప్పిన మాట తిరిపాలు చెవిన పడనే పడింది. ఏడేళ్ళ వయసు నుంచి ముప్ఫై ఏళ్ళపాటు ఆ భూపతి ఇంటికే కావడితో నీళ్ళు మోసి, ఒక్క చుక్క ఒలకనివ్వని మనిషి అతను. యువరాజు ఏరికోరి కుండ అతనికిచ్చింది అందుకే.

వెనక ఉట్టిలో నీళ్ళకుండ ఉంది. అది తూకం కోసం. రెండు వైపులా బరువు సరిసమానంగా ఉంటేనే కొండదారిలో అడుగు నిలుస్తుంది. గుక్కెడు తాగినా వాలు మారుతుంది. అంచేత తెల్లవారినప్పటినుంచి నీళ్ళు మోస్తూనే, నాలుక పిడచగట్టుకుపోయి నడుస్తున్నాడు తిరిపాలు.

వెనకే గవరయ్య డాలు పట్టుకుని వస్తున్నాడు. నెరిసిన మీసాల పాత సిపాయి. పొద్దుటినుంచి పది మాటలు కూడా మాట్లాడలేదు.

"అయ్యా, తమరేసిన గింజ ఏదో అడగొచ్చా?" అన్నాడు తిరిపాలు.

"అడక్కూడదు."

కొంత దూరం నడిచాక గవరయ్యే మళ్ళీ నోరు విప్పాడు. "చింతగింజ. మా ఇంట్లో ఇద్దరున్నారు. వాళ్ళు పోతే నా చేను ఎవడు దున్నుతాడు?"

తిరిపాలు అడుగు తడబడలేదు. "మరి ఈ కుండకి తమరు కాపలా ఎందుకు కాస్తన్నారు?"

"నా గింజ కూడా ఇందులోనే ఉందిగా. ఇది చేరితేనే నేను కాదన్నానని నలుగురికీ తెలిసేది. దొంగతనంగా గెలవడం మా వంశంలో లేదు. మాటలు కట్టిపెట్టి నడువు."

కనుమ దాటారు. ఎదుట ఆమడ మేర మైదానం పరుచుకుని ఉంది. ఒకప్పుడు అది ఇరుగట్టు సీమకు అన్నం పెట్టిన నేల. ఏరువాకనాడు ఎద్దుల మువ్వలతో మోగిన పొలాలు, పసుపు పూసిన గడపల ఊళ్ళు, చెరుకు గానుగల తీపి వాసనతో మత్తెక్కించే బాటలు అక్కడ ఉండేవి. ఇప్పుడు ఊళ్ళున్న చోట మసిబారిన మొండిగోడలు మిగిలాయి. విరిగిన రథచక్రాల మీద రాబందులు కడుపులు నిండి కునుకుతున్నాయి. నిరుటి పోరులో పడ్డవాళ్ళను పూడ్చే దిక్కులేక పైపైన మన్ను కప్పి వదిలేశారు. ఆ మన్ను మీద వానకు మొలిచిన గడ్డి మోకాలెత్తున, ఏపుగా, ముదురాకుపచ్చగా పెరిగింది.

ఆ గడ్డిలో నాలుగడుగులు వేశారో లేదో, ఎక్కడినుంచో సన్నగా ఎముకల పిల్లనగ్రోవి వినిపించింది.

గవరయ్య కత్తి పిడి పట్టుకున్నాడు. "కంకాళుడు" అన్నాడు.

కరాళభూపతి పెంచిపోషించే మాంత్రికుడు వాడు. కుండకు హాని చేసినవాడి ఇల్లు నేలమట్టం చేయాలని, మోసేవాడిని ఆపినవాడి తల తీయాలని సీమ కట్టడి. ఆ కట్టడి బతికున్నవాళ్ళకే గదా. అందుకని వాడు చచ్చినవాళ్ళను లేపాడు.

గడ్డి కదిలింది. మన్ను చీల్చుకుని ఎముకల చేతులు పైకి లేచాయి. ఒకటా రెండా, నాటిన నారులా చేనంతా చేతులే. అవి కత్తులు దూయలేదు. తిరిపాలు చీలమండలు పట్టి కిందికి లాగసాగాయి. కుండ నేల తాకితే చాలు, వాటి పని అయిపోయినట్టే.

"పరుగెత్తు" అని అరిచి గవరయ్య కత్తి దూశాడు.

కావడివాడి పరుగు వేరు. మోకాళ్ళు వంగీ వంగనట్టుండాలి, భుజం కదలకూడదు, "హుం హుం" అంటూ ఊపిరితో అడుగు కలపాలి. తిరిపాలు ఆ పరుగు అందుకున్నాడు. కాళ్ళకు తగిలిన వేళ్ళు పటపట విరుగుతున్నాయి. అతని పక్కనే గవరయ్య కోత కోస్తున్నట్టు చేతులను నరుకుతూ వస్తున్నాడు. మైదానం నడిమికి వచ్చేసరికి మట్టిలోంచి నడుమెత్తు లేచిన ఒక అస్థిపంజరం తుప్పుపట్టిన ఈటె విసిరింది. అది వెళ్ళి వెళ్ళి వెనకనున్న నీళ్ళకుండకు తగిలింది.

కుండ పగిలింది. వెనక ఉట్టి గాల్లోకి లేచింది. ముందు ఉట్టి ఒక్కసారిగా కిందికి వాలింది. నల్లకుండకూ నేలకూ మధ్య జానెడు మాత్రం మిగిలింది. తిరిపాలు రెండు చేతులతో కావడిబద్దను పట్టి ఆపాడుగానీ, కాళ్ళకు చుట్టుకున్న చేతులు అతన్ని కదలనివ్వలేదు.

గవరయ్య క్షణం కూడా తటపటాయించలేదు. చేతిలోని డాలు తీసి వెనక ఉట్టిలో పడేశాడు. అది చాలలేదు. ఛాతీమీది ఉక్కుకవచం వార్లు తెంపి దాన్నీ అందులో వేశాడు. కావడి నిలబడింది. తిరిపాలు కాళ్ళు పట్టిన చేతులను కత్తితో నరికాడు.

"అయ్యా, తమరికి కవచం లేకపోతే" అన్నాడు తిరిపాలు.

"అది తీస్తే కావడి నిలవదని నీకు తెలుసుగా. పో" అన్నాడు గవరయ్య.

తిరిపాలు పోయాడు. రెండో ఈటె గవరయ్య రొమ్ములో దిగడం అతను చూడలేదు. అతని దగ్గు మాత్రం విన్నాడు. గవరయ్య ఆఖరి బలంతో విసిరిన కత్తి గిరగిరా తిరుగుతూ వచ్చి తిరిపాలు ముందు మట్టిలో గుచ్చుకుంది. నడక ఆపకుండానే ఒంటిచేత్తో పీకి దాన్ని కూడా వెనక ఉట్టిలో దోపాడు. గట్టు ఎక్కాక వెనక్కి చూస్తే గడ్డి మళ్ళీ ఏపుగా, కదలకుండా ఉంది. మనిషి జాడే లేదు. తిరిపాలు నిలబడే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పొద్దు వాలింది. కోట బురుజులు కనిపిస్తున్నాయి. రాగిరేకులు తాపిన ఏడు శిఖరాలు పడమటి ఎండకు నిప్పుకణికల్లా ఉన్నాయి. బాటకు అటూ ఇటూ పండిన రేగుపొదలు. ఆ పొదల మలుపులో ఎదురుగా ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వస్తోంది. చిరుగుల చీర, మెడలో ఇనుపకంటె, ఎడమ కనుబొమ మీద పాత గాటు.

"మావా" అంది. గొంతు పోలిదే. "కుండతో పనిలేదు మావా. కోటలో రాణిగారు అందర్నీ వదిలేశారు. దించేసి రా, ఇంటికి పోదాం."

తిరిపాలు అడుగు ఆపాడు. దించడానికి భుజం ముందే ఆత్రపడింది కూడా. ఇంతలో ఒక సంగతి కళ్ళబడింది. ఆమె తిన్నగా ఎదురొచ్చి, ఉట్టి ముందరే నిలబడింది. కావడివాడికి ఎవరూ అలా ఎదురు రారు. బద్ద తిరిగిందంటే తల పగులుతుంది గనుక పక్కనుంచి వచ్చి, మొదట వెనక ఉట్టి పట్టుకుని, ఆ తరవాతే పలకరిస్తారు. నీళ్ళు మోసే ఇళ్ళల్లో పసిపాపకు కూడా తెలిసిన మర్యాద అది. పోలి పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఒక్కనాడూ తప్పలేదు. బరువన్నది ఎరుగని మాంత్రికుడికి ఆ సంగతి ఎవరు చెబుతారు పాపం.

"వస్తన్నా పోలీ" అన్నాడు తిరిపాలు. అంటూనే మడమ మీద గిర్రున తిరిగాడు. వెనక ఉట్టిలోని డాలూ కవచమూ కత్తీ కలిసి ఆ ముఖం మీద ఫెడేలుమని తగిలాయి. పోలి రూపం చెదిరిపోయింది. బూడిద పూసుకున్న బోడితలవాడు ఒకడు నెత్తురు కక్కుతూ కింద దొర్లాడు. మరుక్షణం కంకాళుడు కాకిగా మారి, విరిగిన రెక్క ఈడ్చుకుంటూ పొదల్లోకి పారిపోయాడు.

తిరిపాలు నిలబడి చూడలేదు. నడిచాడు.

కోట ఉత్తర ద్వారం దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ద్వారం తీసే ఉంది. లోపల నూరడుగుల దూరంలో గింజల అరుగు కనిపిస్తోంది. పొద్దు ఇంకా బారెడుంది. చేరినట్టే అనుకున్నాడు తిరిపాలు.

ద్వారానికి ఇవతల కరాళభూపతి నిలబడి ఉన్నాడు. ఆయుధం లేదు, భటులు లేరు. పట్టుశాలువా భుజాన వేసుకుని, తాంబూలం నములుతూ, పెళ్ళికి వచ్చినవాడిలా తీరుబడిగా ఉన్నాడు. పక్కన ఒకే తాటికి కట్టిన అతని బానిసలు వరసగా నిలబడి ఉన్నారు. ఆ తాటి మొదట కట్టింది పోలిని. ఈసారి పోలే. ఆమె మొగుణ్ణి చూసింది, ఆ వెంటనే ఆమె కళ్ళు కావడి మీదికి పోయాయి.

కరాళభూపతి దారికి అడ్డం నిలవలేదు. చేయెత్తలేదు. తుపుక్కున ఉమ్మి, రోజూ పెరట్లోంచి కేకేసినట్టే, మామూలు గొంతుతో అన్నాడు.

"ఒరే తిరిపాలుగా. దించు."

అంతే. బానిస దొరకు ఏడడుగుల దూరంలోకి వచ్చాడంటే నెత్తినున్నది, భుజాన ఉన్నది ఏదైనా నేల మీద దించి సాగిలపడాలి. ఇరుగట్టు సీమలో బానిసకు నడక వచ్చిన నాటినుంచి నేర్పే మొదటి పని అది. దించనివాడి వీపు మీద చర్మం ఉండదు. ముప్ఫై ఏళ్ళు రోజుకు పదిసార్లు చేసిన పని. తిరిపాలు దించకూడదనే అనుకున్నాడు. మోకాళ్ళు మాత్రం అతన్ని అడగలేదు. అవి వంగిపోయాయి. నడుం వంగింది. భుజం వాలింది. ఎముకల చేతులు చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తోంది. వద్దు వద్దని లోపల గోల పెడుతున్నా ఒళ్ళు వినడం లేదు. కుండ జానెడు దిగింది, మరో బెత్తెడు దిగింది.

అప్పుడు పోలి కూడా సాగిలపడింది.

దొర ఎదుట బానిస సాగిలపడితే తప్పుపట్టేవాడెవడు? తాడు సాగినంత మేర ముందుకు ఉరికి, నేల మీద బోర్లా పడి, దిగుతున్న కుండ కిందికి దూరింది. నల్లకుండ వచ్చి ఆమె వెన్ను మీద కూర్చుంది.

ముందుగా నవ్వినవాడు కరాళభూపతే.

"అయిపోయింది. కుండ నేల తాకింది" అన్నాడు.

"తాకలేదు" అన్నారు జనంలోంచి ఎవరో.

"తాకింది. నా పొలం శాసనంలో ఏం చెక్కి ఉంది? చెట్టూ చేమా, రాయీ రప్పా, బావీ బానిసా సహా అని. మీ పొలాల శాసనాల్లోనూ అదే ఉంది, పోయి చదువుకోండి. బానిస నేలలో భాగం. నేలతోబాటు అమ్ముతాం, నేలతోబాటు కొంటాం. ఆ కుండ ఇప్పుడు నా నేల మీద ఉంది."

జనం ముఖాలు చూసుకున్నారు. ఆ మాట అబద్ధం కాదు. అక్కడున్న వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో ఆ శాసనాలు ఉన్నాయి. పొద్దు జానెడు దిగింది.

అరుగు మీదినుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. గింజలపెద్ద వల్లభయ్య దిగి వస్తున్నాడు. ఆ పదవి ఎప్పుడూ పుట్టుగుడ్డికే ఇస్తారు. ఏ చేయి ఏ గింజ వేసిందో చూడలేనివాడైతేనే పక్షపాతం ఉండదని పెద్దల నమ్మకం. యాభై ఏళ్ళుగా వేళ్ళతో తడిమే గింజలను ఏరుతున్న ముసలాయన.

"ఎక్కడుంది కుండ?" అన్నాడు. ఎవరో చేయి పట్టి తీసుకొచ్చారు. వల్లభయ్య మోకాళ్ళ మీద కూర్చుని ముందు కుండను తడిమాడు. మైనం ముద్ర తడిమాడు. తరవాత కుండ కింద ఏముందో తడిమాడు. ఆ వేళ్ళు పోలి వెన్ను మీద నెమ్మదిగా కదిలాయి. చెమట తగిలింది. మానిన కొరడా వాతలు ఒకదాని తరవాత ఒకటి తగిలాయి. ఒకచోట ఆగి, చాలాసేపు అరచేయి అక్కడే ఉంచాడు.

"భూపతీ, మీ నేల వణుకుతోందే" అన్నాడు.

వల్లభయ్య అరచేయి తీయకుండానే మళ్ళీ అన్నాడు.

"బరువు మోసే నేలను ఎరుగుదును. బరువుకు ఊపిరి బిగబట్టే నేలను ఎరగను. ఇన్నేళ్ళూ ఈ వేళ్ళు ఏది చెబితే అదే ఈ సీమకు తీర్పు. ఇది నేల కాదు, వెన్ను." వల్లభయ్య కిందికి వంగాడు. "అమ్మా, లేవగలవా?"

పోలి ముఖం మట్టిలో ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను అమ్మా అని పిలిచిన పెద్దమనిషి లేడు. తననే అంటున్నారని తెలియడానికి కొంతసేపు పట్టింది.

"నేను లేస్తే కుండ పడుద్దయ్యా. ముందు ఆయన్ని లేవమనండి" అంది.

తిరిపాలు విన్నాడు. మోకాళ్ళు ఇంకా వంగే ఉన్నాయి. దొర ఎదుట, ఏడడుగుల లోపల, బరువుతో నిటారుగా నిలబడ్డ బానిసను ఆ సీమలో ఎవరూ చూసి ఉండరు. తిరిపాలు పళ్ళు బిగబట్టి, కొంచెం కొంచెంగా లేచాడు. కుండ పోలి వెన్ను మీదినుంచి లేచింది.

పోలి పక్కనుంచి వచ్చింది. మొదట వెనక ఉట్టి పట్టుకుంది. అప్పుడు గానీ మొగుడి ముఖం చూడలేదు. "చిక్కిపోయావు మావా" అంది. నల్లకుండను ఉట్టిలోంచి తీసి నెత్తిన పెట్టుకుంది. కుండ మోసేవాళ్ళను ఆపడం తలపోయే నేరం. తిరిపాలు గవరయ్య కత్తితో ఆమె తాడు తెంచాడు. అడ్డు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పోలి ఒక చేత్తో కుండను, ఒక చేత్తో గుడ్డి వల్లభయ్యను పట్టుకుని ద్వారంలోకి నడిచింది. ఆ కుండలో గవరయ్య వేసిన చింతగింజ కూడా ఉంది. అది కూడా చేరవలసిన చోటికే పోతోంది.

కరాళభూపతి శాలువా మడతలోంచి కొమ్ముబూర తీసి ఊదాడు.

నీలవాహిని రేవు దిక్కున దుమ్ము లేచింది. ధూమనగరం గుర్రపుదళం అది. రేవు తాళాలు ఎవరిచ్చారో వేరే చెప్పాలా? జనం కకావికలుగా లోపలికి పరుగెత్తారు. కావలివాళ్ళు తలుపులు మూయబోతే పెద్దగడియ ఎవరో ముందే విరగ్గొట్టి ఉంచారు.

"గింజలు ఏరడానికి గడియసేపు కావాలి" అన్నాడు కరాళభూపతి, వెనక్కి నడుస్తూ. "ఆ గడియసేపు ఈ ద్వారం నిలవదురా."

తాటికి కట్టిన బానిసలు ఇరవైమంది ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడి ఉన్నారు. గుర్రాల డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. లోపల అరుగు మీద మైనం ముద్ర పగిలిన చప్పుడు వినిపించింది. ఎండ బురుజుల చివరలకు ఎక్కింది.

తిరిపాలు కావడి దించాడు. ముప్ఫై ఏళ్ళలో ఎవరూ దించమనకుండా దించడం అదే మొదలు. ఉట్టిలోంచి గవరయ్య కవచం తీసి తొడుక్కున్నాడు. అది అతనికి వదులైంది. డాలు పట్టాడు, ఆ ఇరవైమందిని కట్టిన తాడు కూడా కత్తితో తెంచాడు, ఖాళీ కావడిబద్దను వాళ్ళలో ఒక ముసలివాడి చేతికి ఆయుధంగా ఇచ్చి, గింజలు ఏరేదాకా ఎవరినీ లోపలికి రానివ్వకుండా ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు.